ఒక బంతి, ఇద్దరు వాటాదారులు

2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్డీటీ ప్రాంగణంలో దేశవాళీ క్రికెట్ టోర్నీ దులీప్ ట్రోఫీ జరిగింది. టోర్నీలోని ఆరు మ్యాచ్‌లలో ఐదు ఇక్కడే ఆడారు. మొదటి వారం ఇండియా సి, ఇండియా డి తలపడ్డాయి. ఇండియా డి రెండో ఇన్నింగ్స్‌లో ఎడమచేతి స్పిన్నర్ మానవ్ సుథార్ 49 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. ఇండియా సి గెలిచింది. మరుసటి వారం అదే ఇండియా సి, ఇండియా బితో ఆడింది. ఈసారి పేస్ బౌలర్ అన్షుల్ కాంబోజ్ 69 పరుగులకు 8 వికెట్లు పడగొట్టాడు. ఇన్నింగ్స్‌లో ఉండేవే పది వికెట్లు. ఎనిమిది ఒక్కడే పట్టుకుపోతే సుథార్‌తో సహా తక్కిన బౌలర్లందరికీ కలిపి మిగిలేవి రెండు.

ఆ రెండో మ్యాచ్‌కు ముందు ఎవరైనా ఫాంటసీ జట్టు (నిజంగా ఆడుతున్న ఆటగాళ్లను ఎంచుకుని మనం కాగితం మీద కట్టుకునే జట్టు, వాళ్ల ఆటను బట్టి మనకు పాయింట్లు వస్తాయి) కడుతున్నారనుకోండి. కెప్టెన్‌గా ఎవరిని పెడతారు? నూటికి తొంభై మంది సుథార్‌నే పెడతారు. ఏడు వికెట్లు తీసినవాణ్ని ఎవరు వదులుకుంటారు?

ఏడు రోజుల్లో సుథార్ బౌలింగ్ మరిచిపోలేదు. కాంబోజ్ కొత్తగా నేర్చుకున్నదీ లేదు. పని మాత్రం ఇద్దరిదీ ఒకటే: అవతలి జట్టును ఔట్ చేయడం. ఆ పనిలో ఎవరి వాటా ఎప్పుడు ఎంత అన్నది పిచ్, ప్రత్యర్థి, కెప్టెన్ ఆలోచన కలిసి తేలుస్తాయి. ఒకే పనిని ఇద్దరు ముగ్గురు పంచుకుంటున్నప్పుడు అందులో ఒకరి విలువ కట్టడం ఎలా? ఈ ప్రశ్న మీద ఎక్కువగా తలలు బద్దలు కొట్టుకున్నది క్రికెట్ వాళ్లు కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ వాళ్లు. వాళ్ల లెక్క ఒకసారి అర్థమైతే మన ఆటకు అన్వయించుకోవడం కష్టమేమీ కాదు.

ఇప్పుడెందుకీ లెక్క అంటే, దానికి రెండు కారణాలు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు సెప్టెంబరు వచ్చిందంటే ఆఫీసు ఫాంటసీ లీగుల్లో పడతారు. వీడియో కాల్‌లో వాళ్లు చెప్పే పేర్లు ఇంట్లో వాళ్లకు అంతుబట్టవు. రెండోది, ఇక్కడ ఫాంటసీ నుంచి డబ్బు వెళ్లిపోయింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఆగస్టు 22న దానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఫాంటసీ యాప్ డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపేసింది, టీమిండియా జెర్సీ మీది నుంచీ తప్పుకుంది. ఉచిత పోటీలు, స్నేహితుల మధ్య సరదా లీగులు మిగిలాయి. పందెం పోయాక మిగిలింది అంచనా కట్టే విద్యే. నా మటుకు నాకు ఈ ఆటలో మొదటి నుంచీ ఆసక్తి కలిగించింది కూడా అదే.

ముందు ఆ ఆట సంగతి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలితో తన్నేది తక్కువ. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరిగెత్తడం, విసరడం, అందుకోవడం ఎక్కువ. బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. జరిగితే మళ్లీ నాలుగు. అలా జరుగుతూ అవతలి చివర ఉన్న గీత దాటితే టచ్‌డౌన్ (ఆరు పాయింట్ల గోలు). బంతిని ముందుగా అందుకుని ఎవరికివ్వాలో చూసేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని దగ్గర బంతి తీసుకుని ఎదుటివాళ్ల గుంపులోంచి దూసుకుపోయేవాడు రన్నింగ్ బ్యాక్.

ఫాంటసీలో రన్నింగ్ బ్యాక్‌కు సాధారణంగా పది గజాలకు ఒక పాయింటు, టచ్‌డౌన్‌కు ఆరు. చాలా లీగుల్లో, విసిరిన బంతిని పట్టుకున్న ప్రతిసారీ అదనంగా ఒక పాయింటు ఇస్తారు. ఈ చివరి నియమాన్ని గుర్తుపెట్టుకోండి.

ఒకప్పుడు ఒక జట్టుకు ఒక ప్రధాన రన్నింగ్ బ్యాక్ ఉండేవాడు. గుద్దులన్నీ అతనే తినేవాడు, పరుగంతా అతనిదే. ఇప్పుడు చాలా జట్లు ఆ పనిని ఇద్దరికి పంచుతున్నాయి. మనిషి శరీరం అన్ని దెబ్బలకు ఓర్చుకోదు. పైగా గుంపును చీల్చుకుపోయే బలం, ఖాళీలో జారుకునే వేగం, బంతిని పట్టే నేర్పు ఒకే మనిషిలో దొరకడం అరుదు. ఇలా పంచుకున్న ఏర్పాటును షేర్డ్ బ్యాక్‌ఫీల్డ్ (ఉమ్మడి వెనక వరస) అంటారు.

దీనికి డెట్రాయిట్ లయన్స్ జట్టును మించిన ఉదాహరణ లేదు. 2022లో అక్కడ జమాల్ విలియమ్స్ అనే రన్నింగ్ బ్యాక్ 17 టచ్‌డౌన్లు చేశాడు. ఏడాది తిరిగేసరికి అతను వేరే జట్టుకు వెళ్లిపోయాడు. అతనితో పని పంచుకున్న డియాండ్రే స్విఫ్ట్‌ను కూడా జట్టు వదులుకుంది. వాళ్ల స్థానంలో 2023లో షికాగో నుంచి డేవిడ్ మాంట్‌గోమరీ వచ్చాడు, కాలేజీ ఆటగాళ్ల ఎంపికలో పన్నెండో పేరుగా జామిర్ గిబ్స్ వచ్చాడు. మొదటివాడు బలం, రెండోవాడు మెరుపు.

ఆ ఏడాది గిబ్స్ 182 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తి 945 గజాలు, 10 టచ్‌డౌన్లు సాధించాడు. మాంట్‌గోమరీ 219 సార్లు పరిగెత్తి 1,015 గజాలు, 13 టచ్‌డౌన్లు. ఇంతవరకు చూస్తే మాంట్‌గోమరీదే పైచేయి. విసిరిన బంతులు పట్టడంలో లెక్క తిరగబడుతుంది. గిబ్స్ 52 బంతులు పట్టి 316 గజాలు, ఒక టచ్‌డౌన్. మాంట్‌గోమరీ పట్టినవి 16, గజాలు 117.

ఇప్పుడు కూడదాం. బంతి చేజార్చుకున్నందుకు పడే కోతలు పక్కన పెడదాం. పట్టిన బంతికి పాయింటు లేని లీగులో గిబ్స్‌కు 192.1, మాంట్‌గోమరీకి 191.2. తేడా ఒక్క పాయింటు కూడా లేదు. పట్టిన ప్రతి బంతికీ పాయింటు ఇచ్చే లీగులో గిబ్స్‌కు 244.1, మాంట్‌గోమరీకి 207.2. తేడా దాదాపు 37. ఆటగాళ్లు వాళ్లే, ఆడిన ఆట అదే. మారింది మన లీగు నియమం ఒక్కటే. కాబట్టి "ఇద్దరిలో ఎవరు మేలు?" అని అడిగేవాణ్ని ముందు "మీ లీగులో పాయింట్లు ఎలా ఇస్తారు?" అని అడగాలి. ఆ సంగతి తెలియకుండా ఇచ్చే సలహా ఎంత పెద్దవాళ్లు ఇచ్చినా పనికిరాదు.

ఆ అంకెల్లోనే మరో సంగతి ఉంది. ఇద్దరూ కలిపి 401 సార్లు పరిగెత్తారు. అదీ గాయాలతో గిబ్స్ రెండు మ్యాచ్‌లు, మాంట్‌గోమరీ మూడు మ్యాచ్‌లు ఆడకుండా. అంటే ఆ జట్టులో పరుగుకు దక్కే పనే పెద్దది. పని పెద్దదైన చోట సగం వాటా, పని చిన్నదైన చోట మొత్తం వాటా కంటే మెరుగు కావచ్చు. ఉమ్మడి అనగానే జనం భయపడి వెనక్కి తగ్గుతారు. పంచుకుంటున్నది ఎంత అన్నది చూడకుండా ఎలా పంచుకుంటున్నారన్నదే చూస్తారు.

ఇక వాటాలో ఏ ముక్క ఎవరికి అన్నది చూడాలి. గోలు గీతకు చివరి ఐదు గజాల్లో బంతి ఎవరి చేతికిస్తారన్నది అన్నిటికంటే ఖరీదైన ప్రశ్న. మైదానం మధ్యలో ఐదు గజాలు పరిగెత్తితే అర పాయింటు. గీత దగ్గర ఒక్క గజం తోసుకుపోతే ఆరు పాయింట్లు. విలియమ్స్ 17 టచ్‌డౌన్ల గుట్టు చాలావరకు అదే. అతను పోయినా గీత దగ్గర బలమైనవాడికి బంతినిచ్చే ఆ జట్టు అలవాటు పోలేదు. ఆ పనికి మాంట్‌గోమరీ వారసుడయ్యాడు. అందుకే కొత్త ఆటగాడు జట్టులోకి వచ్చినప్పుడు, వెళ్లిపోయినవాడు ఏ పని వదిలి వెళ్లాడో చూడాలి. ఖాళీ అయిన పని ఎవరో ఒకరికి దక్కక తప్పదు.

అయితే టచ్‌డౌన్లు నిలకడగా రావు. మాంట్‌గోమరీ 207 పాయింట్లలో 78 టచ్‌డౌన్ల నుంచే వచ్చాయి, అంటే ఐదింట రెండు వంతులకు దగ్గర. గిబ్స్‌కు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. గీత దాకా జట్టు చేరని వారం మాంట్‌గోమరీని నమ్ముకున్నవాడికి పస్తే. గిబ్స్‌ను నమ్ముకున్నవాడికి పట్టిన బంతుల తాలూకు పాయింట్లయినా వస్తాయి.

మ్యాచ్ నడిచే తీరు కూడా వాటాను మార్చేస్తుంది. జట్టు ఆధిక్యంలో ఉంటే గడియారం కరిగించడానికి పరుగు మీద పరుగు తీయిస్తుంది. అప్పుడు బలమైనవాడి పంట పండుతుంది. వెనకబడితే తొందర తొందరగా బంతి విసరాలి. అప్పుడు పట్టేవాడికి పని. పేరుకు యాభై-యాభై అని చెప్పే వాటా గెలిచే రోజు ఒకలా, ఓడే రోజు ఇంకొకలా ఉంటుంది. సగటు అంకె ఈ తేడాను దాచేస్తుంది.

భాగస్వామి లేని రోజు సంగతేమిటి? 2024 డిసెంబరులో మాంట్‌గోమరీ మోకాలికి దెబ్బ తగిలింది. లీగు దశలో చివరి మూడు మ్యాచ్‌లు అతను ఆడలేదు. భారం అంతా గిబ్స్ మీద పడింది. 2025 జనవరి 5న మిన్నెసోటా వైకింగ్స్ మీద అతను పరుగుతో 139 గజాలు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఐదు బంతులు పట్టి 31 గజాలు, మరో టచ్‌డౌన్ చేశాడు. పట్టిన బంతికీ పాయింటు ఇచ్చే లీగులో లెక్క వేస్తే ఒక్క మ్యాచ్‌లో 46 పాయింట్లు. ఉమ్మడి పనిలో ఉన్నవాడి విలువలో ఈ "ఒకవేళ" కూడా ఒక భాగం. దాన్ని సున్నా అనుకోకూడదు, అదే సర్వస్వమనీ అనుకోకూడదు.

అనంతపురం రైతుకు ఇది కొత్త పాఠం కాదు. వేరుశనగ చేలో కంది సాళ్లు వేసేది ఇందుకే. పడే వాన రెండింటికీ ఒకటే. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే వేరుశనగ దెబ్బతింటుంది. లోతుకు వేరు పోయే కంది, పంటకాలం కూడా ఎక్కువ కాబట్టి, ఆలస్యంగా పడిన వానకైనా తేరుకుంటుంది. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. కంది మంచి ఏడాదిలోనూ ఎంతో కొంత ఇస్తుంది. ఫాంటసీలో హ్యాండ్‌కఫ్ (ప్రధాన ఆటగాడికి దెబ్బ తగిలితేనే ఆడే ప్రత్యామ్నాయం) అలా కాదు. దెబ్బ తగిలేదాకా అతని పాయింట్లు దాదాపు సున్నా, మన జట్టులో మాత్రం ఒక చోటు తినేస్తాడు. మాంట్‌గోమరీ లాంటివాడు కంది సాలు. మూడో వరసలో కూర్చునేవాడు గాదెలో దాచిన విత్తనం మాత్రమే.

ఈ కొలతలు పట్టుకుని క్రికెట్‌లోకి వద్దాం. టీ20లో మొత్తం 20 ఓవర్లు, ఒకరికి గరిష్ఠంగా నాలుగు. అంటే ఎంత గొప్ప బౌలరైనా అతని వాటా ఐదో వంతు దాటదు. బౌలింగ్ అనేది ఇక్కడ చట్టప్రకారమే ఉమ్మడి పని. అందువల్ల ఎన్ని ఓవర్లు అనే ప్రశ్న కంటే ఏ ఓవర్లు అనే ప్రశ్న ముఖ్యమవుతుంది. చివరి నాలుగు ఓవర్లలో బ్యాటర్లు తెగించి ఊపుతారు, క్యాచ్‌లు లేస్తాయి. అక్కడ పడే వికెట్‌కూ పదో ఓవర్‌లో కష్టపడి తీసిన వికెట్‌కూ ఫాంటసీలో ఒకటే ధర. గీత దగ్గరి ఐదు గజాలకు మన ఆటలో సాటి ఇదే. ఇద్దరు పేసర్లలో ఎవరిని తీసుకోవాలో తేలనప్పుడు, పేరు చూడకుండా పద్దెనిమిదో ఓవరు, ఇరవయ్యో ఓవరు ఎవరికిస్తున్నారో గత మ్యాచ్‌ల స్కోరుకార్డుల్లో వెతకండి. పదిహేను నిమిషాల పని. చేసేవాళ్లు తక్కువ.

ఐపీఎల్‌లో 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నియమం (మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి బదులు ఇంకొకరిని దించే వెసులుబాటు) ఈ వాటాలను మరింత చీల్చింది. జట్టుకు అదనంగా ఒక అసలు సిసలు బౌలర్ దొరికితే ఆల్‌రౌండర్ చేతికి బంతి ఎందుకిస్తారు? ఆల్‌రౌండర్ల ఎదుగుదలకు ఇది అడ్డమని రోహిత్ శర్మ 2024లో బాహాటంగానే అన్నాడు. మన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి అదే ఏడాది హైదరాబాద్ తరఫున 303 పరుగులు చేసి, ఐపీఎల్‌లో ఎదుగుతున్న ఆటగాడి అవార్డు అందుకున్నాడు. వికెట్లు మాత్రం మూడే. ఆల్‌రౌండర్ అనే ముద్ర చూసి రెండు పనులకూ కలిపి ధర కట్టినవాడు ఒక పనికి డబుల్ ధర కట్టినట్టే.

నాలుగైదు రోజుల ఆటలో ఓవర్లకు పరిమితి లేదు. అక్కడ వాటాను మైదానం తేలుస్తుంది. దీనికి భారత స్పిన్నర్లు అశ్విన్, జడేజాలను చూడాలి. అనంతపురంలో దులీప్ చివరి అంచె నడుస్తున్న రోజుల్లోనే, 2024 సెప్టెంబరు 19 నుంచి 22 దాకా, చెన్నైలో బంగ్లాదేశ్‌తో టెస్టు జరిగింది. అశ్విన్ 113, జడేజా 86 పరుగులు చేశారు. చివరి ఇన్నింగ్స్‌లో అశ్విన్ ఆరు, జడేజా మూడు వికెట్లు తీశారు. పది వికెట్లలో తొమ్మిది ఇద్దరివే. పని పెద్దది, వాటా ఇద్దరికీ చాలింది.

ఇంగ్లండ్‌కు వెళ్తే అదే జంట ఇంకోలా ఉండేది. అక్కడి పిచ్‌ల మీద స్పిన్‌కు దక్కే పని చిన్నది కాబట్టి తరచుగా ఒక్కరికే చోటు దక్కేది. 2021 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆడిన నాలుగు టెస్టుల్లోనూ జడేజా ఉన్నాడు, అశ్విన్ ఒక్కదాంట్లోనూ లేడు. 2023 జూన్‌లో ఓవల్‌లో జరిగిన ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్లో కూడా, అప్పటికి ర్యాంకుల్లో మొదటి బౌలరైన అశ్విన్‌ను బయట కూర్చోబెట్టారు. ఇది ప్రతిభ మీద తీర్పు కాదు. స్వదేశంలో పంచుకున్న పని విదేశంలో ఇద్దరిలో ఒకరికే మిగిలింది, ఆ ఒక్కరూ బ్యాటింగ్ మెరుగ్గా చేసేవాడై ఉండాలని జట్టు కోరుకుంది.

ఆ బ్యాటింగ్ సంగతే సుథార్‌కూ అక్కరకొచ్చింది. కాంబోజ్ ఎనిమిది వికెట్లు తీసిన మ్యాచ్‌లో ఇండియా సి 525 పరుగులు చేసింది. అందులో సుథార్‌వి 82. బంతితో వాటా తగ్గిన మ్యాచ్‌లో బ్యాటుతో సంపాదించాడు. గిబ్స్‌కు పట్టిన బంతులు ఎలాగో ఇతనికి ఆ పరుగులు అలాగ. సుథార్‌ను కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికి కాస్త ఊరట. అయితే అతను ఆ ఊరటను ముందే ఊహించి పెట్టాడా, ఏడు వికెట్లు చూసి పెట్టాడా అన్నది వేరే సంగతి.  

ఇక ధర. అమెరికా లీగుల్లో పది పన్నెండు మంది కూర్చుని వంతుల వారీగా ఆటగాళ్లను ఎంచుకుంటారు. ముందు వంతు వాడుకోవడమే ధర. క్రెడిట్ల పద్ధతి ఉన్న మన యాప్‌లలో ఆ క్రెడిట్లలోనే పదకొండు మందిని కొనాలి. విలువ అంటే వచ్చే పాయింట్లు కాదు, పెట్టిన ధరకు మించి వచ్చేవి. ఉమ్మడి జంటలో మెరుపులాంటివాడి ధర ఎప్పుడూ కొంచెం ఎక్కువే పలుకుతుంది, ఎందుకంటే అతని పరుగులు వీడియోల్లో బాగుంటాయి. రెండోవాడి ధర తగ్గుతుంది. అతనికి కచ్చితమైన పని ఒకటి ఉంటే, గీత దగ్గర బంతో, ఇరవయ్యో ఓవరో, నేను కొనేది అతన్నే. ఏ పనీ కచ్చితంగా లేకుండా "అవకాశం రావచ్చు" అన్నవాణ్ని ఎంత చౌకగా ఇచ్చినా వద్దంటాను. పని ముగ్గురి మధ్య చీలిన చోట అయితే మొత్తానికే దూరంగా ఉంటాను. అక్కడ ఏ వారం ఎవరిదో జట్టు కోచ్‌కు కూడా మ్యాచ్ జరిగే ఆదివారం పొద్దున దాకా తెలియదు.

పోటీ రకం కూడా చూడాలి. పదిమంది స్నేహితుల లీగు సీజన్ అంతా నడుస్తుంది కాబట్టి అందులో నిలకడ గెలిపిస్తుంది. అక్కడ బంతులు పట్టేవాడు, నాలుగు ఓవర్లూ వేసేవాడు మేలు. లక్షల మంది ఒక్క మ్యాచ్‌కు జట్లు కట్టే ఉచిత పోటీలో మధ్యస్థంగా ఆడితే ఎవరికీ కనిపించం. అక్కడ అందరూ వదిలేసిన రెండోవాణ్ని కెప్టెన్‌ను చేసి రెట్టింపు పాయింట్ల మీద ఆశ పెట్టుకోవచ్చు. పోయేది ఆ పూట ర్యాంకే. ఇందుకోసం టాస్ పడి, తుది జట్టు ప్రకటించేదాకా ఆగాలి. ఇద్దరు స్పిన్నర్లలో ఎవరు ఆడుతున్నారో, ఇంపాక్ట్ ప్లేయర్ల జాబితాలో అదనపు బౌలర్ ఉన్నాడో లేడో అప్పుడు గానీ తేలదు. తేలాక లాక్ (మార్పులకు గడువు ముగియడం) పడేలోపు మన జట్టు సరిదిద్దుకోవడానికి సుమారు అరగంట ఉంటుంది.